దాచేసిన హెచ్చరిక

ఫోన్ మోగుతూనే ఉంది.

ఎల్లమ్మ ఇంటి నడిమధ్య, నాపరాళ్ల మీద, బాలమణి విసిరికొట్టిన చోటే పడి ఉంది అది. వెనక డొప్ప ఊడి గోడవారకు పోయింది. అయినా మోగుతోంది.

"ఎత్తుండ్రి," అంది బాలమణి. "ఎవలన్న ఒక్కలు ఎత్తుండ్రి. పొద్దుగాల్నుంచి ఇది ముప్పై ఆరోది. నా బిడ్డ ఎత్తుతలేదు. మీరెత్తి ఇనుండ్రి, ఏం మాటలు మాట్లాడుతున్నరో."

ఎవరూ కదల్లేదు.

బోరబండలో ఎల్లమ్మ వాళ్ల ఇంటికి నాలుగు ఇళ్ల కింద, అదే గుట్ట వాలులో ఉంటుంది బాలమణి. ఎర్రగడ్డ మార్కెట్లో కూరగాయలు అమ్ముతుంది. ఎల్లమ్మను అక్కా అంటుంది, ఆమె భర్త వెంకటనర్సయ్యను అన్నా అంటుంది. ఇన్నేళ్లలో ఈ గడప తొక్కిన ప్రతిసారీ చేతిలో ఏదో ఒక ఆకుకూర ఉండేది. ఇవాళ ఫోన్ తెచ్చింది.

"జర కూసో బాలమణీ," అంది ఎల్లమ్మ. "నీళ్లు తాగు."

"నీళ్లు తాగి పోనీకి వచ్చిన్నా? నా పిల్ల ఫోటో, నా పిల్ల నెంబరు ఏందో గలీజు సైట్ల పెట్టిండ్రట. ఎవడెవడో ఫోన్ చేసి రేటెంత అని అడుగుతున్నరు. గిది ఎవల వల్ల అయింది? సినిమా ఆఫీసోళ్లు ఏమన్నరో తెల్సా? మా డ్రైవరే ఇచ్చిండు, వాణ్ని తీసేసినం అన్నరు."

ఎల్లమ్మ లేచి నిలబడింది. "మా ఆయన గసుంటోడా? నువ్వే చెప్పు. నీ బిడ్డ పుట్టేటప్పుడు అర్ధరాత్రి నిన్ను దవాఖానకు తోల్కపోయింది ఎవలు?"

"అందుకే గదా అక్కా నమ్మిన! కొత్త ముఖాలు కావాల్నట, పిల్లను దరఖాస్తు పెట్టమను అన్నది అన్ననే. ఇరవై రెండేండ్లు పెద్దోళ్ల కారు నడిపితే పెద్దోళ్ల బుద్ధులే వచ్చినయా అన్నా?"

వెంకటనర్సయ్య మంచం పట్టె మీద కూర్చుని ఉన్నాడు. తెల్ల యూనిఫాం మడతపెట్టి ఒళ్లో పెట్టుకున్నాడు. తల ఎత్తలేదు.

"నెంబర్ల కాయితం నా దగ్గరనే ఉండె చెల్లె," అన్నాడు చివరికి. "తప్పు నాదే గావొచ్చు."

"నీకేమన్న దయ్యం పట్టిందా?" ఎల్లమ్మ గొంతు పగిలింది. "గావొచ్చేంది? చేస్తే చేసిన అను, చెయ్యకపోతే చెయ్యలే అను. గావొచ్చట!"

ఆయన ఒళ్లోని యూనిఫాం మడత విప్పి మళ్లీ వేశాడు.

లోపలి గది గుమ్మంలో జగదీశ్ నిలబడి ఉన్నాడు. ఆ ఇంట్లో మొదటి డిగ్రీ అతనిది. ఇంజనీరింగ్ పట్టా, టోపీ పెట్టుకున్న ఫోటో, రెండూ ఒకే ఫ్రేములో కట్టించి గోడకు పెట్టింది ఎల్లమ్మ. బాలమణి చూపు ఆ ఫ్రేము మీద పడి, అక్కణ్నుంచి అతని మీదికి వచ్చింది.

"నువ్వన్న చెప్పు జగదీశా. మాదాపూర్‌ల పెద్ద కంపెనీల చేస్తవ్. గా సినిమావాళ్ల సైట్ గూడ నువ్వు చేసిందే గదా. మీ నాయిన గాకపోతే ఎట్ల పోతయి నెంబర్లు? నువ్వు చెప్తే ఇంట."

మాట నోటిదాకా వచ్చింది అతనికి.

"చూస్తున్న చిన్నమ్మా," అన్నాడు.

ఆఫీసులో నేర్చుకున్న మాట అది. ఏమీ చెప్పదలుచుకోనప్పుడు అనే మాట. అది తన ఇంట్లో, తన నోటి నుంచి, ఈ మనిషికి చెప్పినందుకు చెవులు వేడెక్కాయి.

ఫోన్ ఆగింది. మళ్లీ మొదలైంది.

అప్పుడు గడప దగ్గర నీడ పడింది. రష్మి. డిగ్రీ రెండో ఏడు చదువుతున్న పిల్ల. కాలేజీకి పోక వారమైంది. చున్నీ తల మీదుగా కప్పుకుని వచ్చింది, నాలుగు ఇళ్ల దూరానికే. లోపలికి వచ్చి, వంగి, ఫోన్ తీసుకుని బ్యాటరీ ఊడదీసింది. ఇల్లు నిశ్శబ్దమైంది.

"పెద్దనాయినా," అంది వెంకటనర్సయ్యతో. "నువ్వు చేసినవని నాకు లేదు. గని ఎవలో ఒకలు చేసిండ్రు గదా. నాకు పేరు చెప్పుండ్రి. ఇంకేం అడగ."

ఆయన ఆ పిల్ల వైపు చూడలేకపోయాడు. జగదీశ్ కూడా చూడలేదు.

తల్లీకూతుళ్లు వెళ్లిపోయాక గోడవారన ఫోన్ డొప్ప మిగిలిపోయింది. ఎల్లమ్మ దాన్ని తీసి కొంగుతో తుడిచి అల్మారాలో పెట్టింది.

---

పదకొండు గంటలకు ఫిల్మ్ నగర్ ఆఫీసుకు వచ్చి యూనిఫాం, కారు రెండో తాళంచెవి అప్పగించమని వెంకటనర్సయ్యకు కబురు.

"నేనొస్త నాయినా," అన్నాడు జగదీశ్.

"నీకు నౌకరి లేదా?"

"లీవు పెట్టిన."

కృష్ణానగర్ దాకా షేర్ ఆటో. ముందు సీట్లో డ్రైవర్ పక్కన ఇద్దరు, వెనక నలుగురు. తండ్రీకొడుకులు మోకాళ్లు తగిలేలా కూర్చున్నారు. తెల్లబట్టల మూట తండ్రి ఒళ్లో ఉంది. ఇస్త్రీ చేయించి తెచ్చాడు. తీసేసిన ఉద్యోగానికి ఇస్త్రీ చేయించిన బట్టలు.

ఎస్సార్ నగర్ దాటాక వెంకటనర్సయ్య మెల్లగా మొదలుపెట్టాడు.

"ఆ దినం ఆడిషన్ పిల్లల్ని ఎక్కించుకోవాల్నని మేడం కాయితం ఇచ్చింది. పద్దెనిమిది మంది పేర్లు, నెంబర్లు. పని అయినంక ఎర్రగడ్డ కాడ కారు కడగనిచ్చిన. కాయితం సీటు మీదనే మర్శిన. చాయ తాగొచ్చేసరికి కాయితం ఉంది. గని మడత మారింది. నేను అడ్డం మడ్శిన, అది నిలువు మడతల ఉంది."

"నాయినా..."

"ఎవడో చూసి రాసుకున్నడు. గంతే. ఆడపిల్లల నెంబర్లు సీటు మీద పడేసి చాయ తాగనీకి పోయిన. బాలమణి మొఖం ఎట్ల చూడాలె నేను?"

పద్దెనిమిది. జగదీశ్ ఆ అంకె విన్నాడు. బయటకు పోయినవి నాలుగు వందల పన్నెండు. రాజమండ్రి పిల్లలున్నారు, ఖమ్మం పిల్లలున్నారు, ఎన్నడూ ఆ కారు ఎక్కని వాళ్లు. ఇక్కడి పద్దెనిమిది మందిలో కొందరి ఇళ్లవాళ్లు మాత్రమే ఆఫీసుకు వెళ్లి గొడవ చేశారు కాబట్టి, అక్కడ ఎవరికీ లెక్క చూసే బుద్ధి పుట్టలేదు.

నీ కాయితం కాదు నాయినా, అనాలి. ఐదు మాటలు కూడా లేవు.

ఆటోలో అందరూ ఉన్నారు, దిగాక చెబుదాం అనుకున్నాడు. దిగాక రోడ్డు దాటాలి. దాటాక ఎక్కు ఉంది, తండ్రికి ఆయాసం. చెప్పకపోవడానికి ప్రతి వంద అడుగులకూ ఒక కారణం దొరికింది అతనికి.

నిజం అతనికి నిన్న సాయంత్రం దొరికింది. వెబ్‌సైట్‌లోకి ఎవరు, ఎప్పుడు, ఏ పేజీకి వచ్చారో సర్వర్ రాసి పెడుతుంది. ఆ చిట్టా తీసి వరుసకు వరుస చదివాడు. తొమ్మిదో తారీఖు మధ్యాహ్నం రెండు గంటల పదకొండు నిమిషాలకు, దరఖాస్తులు తీసుకునే 'కొత్త ముఖాలు' పేజీలో ఫోటో పెట్టాల్సిన చోట ఎవరో ఫోటో కాని దాన్ని పెట్టారు. పేరుకు ఫోటో, లోపల ప్రోగ్రాం. అది లోపలికి వెళ్లి కూర్చుని మొత్తం జాబితాను బయటకు పంపింది. ఆరు నిమిషాల పని.

ఆ సైట్ నడిచేది ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ మీద. లోకమంతా వాడుతుంది. అందులో ఎక్కడ కన్నం కనబడినా తయారుచేసినవాళ్లే పూడ్చి కొత్త వెర్షన్ ఇస్తారు. ఇచ్చామని, వెంటనే మార్చుకోండని, సైట్ నడిపేవాళ్లకు తెర పైన పసుపు రంగు పట్టీ ఒకటి చూపిస్తారు. ఈ కన్నం గురించి ఆ పట్టీ పద్నాలుగు నెలల కిందటే వచ్చింది.

దాన్ని అతనే కనపడకుండా చేశాడు.

---

నిర్మాత త్రినాథరావు ఆఫీసు పేరు 'అమ్మాజీ చిత్ర'. ఆయన తల్లి పేరు. గేటు దగ్గర వాచ్‌మన్ లక్ష్మయ్య ఇద్దర్నీ చూసి ఇబ్బంది పడ్డాడు.

"నువ్వు పో సార్," అన్నాడు జగదీశ్‌తో. తండ్రి వైపు తిరిగి, "నర్సన్నా, నువ్వు గీడ్నే కూసో. లోపలికి పంపొద్దన్నరు. నా మీద కోపం పెట్టుకోకు," అన్నాడు.

వెంకటనర్సయ్య చెప్పుల స్టాండు పక్కన బల్ల మీద కూర్చున్నాడు, మూట ఒళ్లో పెట్టుకుని. కొడుకు ఆ చెప్పుల స్టాండు దాటి, అద్దాల తలుపు తోసుకుని లోపలికి వెళ్లాడు. తన కాళ్లు అంత సులువుగా ఎలా నడిచాయో తర్వాత చాలాసార్లు అనుకున్నాడు.

త్రినాథరావు, ఆయన భార్య కౌసల్య ఇద్దరూ ఉన్నారు. కొత్తవాళ్ల ఎంపిక పని కౌసల్యదే. టేబుల్ మీద కొత్త సినిమా ఆహ్వాన పత్రికల కట్ట. ప్రారంభోత్సవం ఇరవై ఐదో తారీఖున.

"రావయ్యా ఇంజనీరూ," అన్నాడు త్రినాథరావు. "మీ నాన్న చేసిన పని చూశావా? నిన్నగాక మొన్న పాతికమంది వచ్చి ఈ గదిలో నా కాలర్ పట్టుకున్నంత పని చేశారు."

జగదీశ్ సంచిలోంచి కాగితాలు తీసి టేబుల్ మీద పెట్టాడు. చిట్టా. రెండు పదకొండు దగ్గర పెన్సిల్‌తో గీత గీసి ఉంది.

"మా నాయిన కాదండి. సైట్‌లోంచి పోయినయి. తప్పు నాది."

కౌసల్య ఆహ్వాన పత్రికల కట్ట పక్కకు జరిపింది.

చెప్పుకొచ్చాడు. సైట్ చేసిన కొత్తలో సిద్ధాంతిగారు అన్నారని, పొద్దున్నే ఆఫీసులో సైట్ తెరవగానే తెర మీద మొదట దీపం, దాని పక్కన అమ్మవారి పేరు కనబడాలని కౌసల్య అడిగింది. బయటి జనం చూసే పేజీలో పెట్టడం తేలికే. లోపల ఆఫీసువాళ్లు వాడే తెర మీద పెట్టడానికి సరైన పద్ధతి అప్పుడు అతనికి తెలియలేదు. సాఫ్ట్‌వేర్ అసలు ఫైళ్లనే తెరిచి, అందులో చేత్తో రాసేశాడు. పని అయింది. అందరూ మెచ్చుకున్నారు. కానీ ఇక కొత్త వెర్షన్ వేస్తే ఆ ఫైళ్లు మారిపోతాయి, దీపం పోతుంది, పేజీలు సగం విరిగిపోతాయి. అందుకని వెయ్యలేదు. తర్వాత తీరిగ్గా సరిచేద్దామనుకున్నాడు.

"ఇంతలో ఆ పసుపు పట్టీ వచ్చింది మేడం. దీపం మీదనే వచ్చింది. మీరు చూసి..."

"తీసెయ్యమన్నాను," అంది కౌసల్య. "పొద్దున్నే కళ్ళు తెరవగానే హెచ్చరికేంటి, అపశకునం అన్నాను. అవును, అన్నాను. నాకేం తెలుసు బాబూ? మా ఇంట్లో గోడ మీద బల్లి కనబడినా తీసెయ్యమంటాను. తీస్తే ప్రమాదం మేడం అని నువ్వు కదా చెప్పాలి? చదువుకున్నది నువ్వు కదా?"

ఎందుకు చెప్పలేదో అతనికి తెలుసు. చెప్పాలంటే, మొదట చేసిన పని తప్పు చేశానని ఒప్పుకోవాలి. "మా పోరడు ఇంజనీర్ సార్, ఒక్క అవకాశం ఇయ్యండి" అని తండ్రి ఇదే గదిలో చేతులు కట్టుకుని అడిగితే వచ్చిన పని అది.

త్రినాథరావు కాగితాలు తిరగేశాడు. ఒక్క ముక్క అర్థంకాలేదని మొహం చెబుతోంది. కానీ ఆయనకు అర్థంకావలసింది అర్థమైంది.

"ఇది ఇంకెవరికైనా చెప్పావా?"

"లేదండి."

"మీ నాన్నకి?"

"...లేదండి."

"పూడ్చడానికి ఎంతసేపు?"

"గంట. గంటన్నర."

"పూడ్చు." ఆయన కళ్లజోడు తీశాడు. గొంతు మెత్తబడింది. మెత్తబడ్డాకే జగదీశ్‌కు భయం వేసింది. "చూడు జగదీశ్. వచ్చినవాళ్లకి డ్రైవర్ని తీసేశాం అన్నాను. తిట్టుకుంటూ వెళ్లిపోయారు. ఇప్పుడు వాళ్లని మళ్లీ పిలిచి, కాదమ్మా, మా సైట్‌కే తలుపు లేదు, ఏడాది పైన బార్లా తెరిచి పెట్టాం అని చెప్పమంటావా? అప్పుడు అది నా సంస్థ తప్పవుతుంది. డ్రైవర్ తప్పు డ్రైవర్ దగ్గర ఆగిపోతుంది."

"కానీ సార్, మా నాయిన ఏం..."

"నర్సయ్య మీద నాకేం కోపం లేదయ్యా. బంగారం లాంటి మనిషి. నెల పోయాక వైజాగ్‌లో మా తమ్ముడి దగ్గర పెట్టిస్తాను. అక్కడ ఎవడికి తెలుసు ఇదంతా? నువ్వు కంపెనీలో బయటి పని చెయ్యనని సంతకం పెట్టుంటావు. నీ పేరు బయటికొస్తే నీ ఉద్యోగం ఉంటుందా? ఒక ఇంట్లో రెండు ఉద్యోగాలు పోవడమెందుకు?"

కౌసల్య కిటికీ వైపు తిరిగింది.

త్రినాథరావు ఒక కాగితం ముందుకు తోశాడు. అప్పటికే రాసి ఉంది. "సైట్ మొదటి పేజీలో ఇది పెట్టు. తెలుగులోనే. 'మా సంస్థలో పనిచేసిన డ్రైవర్ కె. వెంకటనర్సయ్య నిర్లక్ష్యం వల్ల కొందరి వివరాలు బయటకు వెళ్లినందుకు చింతిస్తున్నాము. అతన్ని తొలగించాము.' అంతే. పెట్టేముందు మీ నాన్నని పిలిచి చదివి వినిపించు. రేపు నాకు తెలీదంటే బాగోదు."

"నేను పెట్టాలా అండి?"

"సైట్ నీదే కదయ్యా," అన్నాడు త్రినాథరావు. ఆ మాటలో వెటకారం లేదు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

---

వెనక చిన్న గది. ఒక కంప్యూటర్, పాత పోస్టర్ల చుట్టలు, ఒక ప్లాస్టిక్ కుర్చీ. తండ్రికి కుర్చీ వేసి, తను స్టూలు మీద కూర్చున్నాడు జగదీశ్.

"ఏమన్నరు సారు?"

"ముందు దీన్ని బాగుచెయ్యమన్నరు నాయినా."

"మరి చెయ్యి. నేను కూసుంట."

ముందు 'కొత్త ముఖాలు' పేజీ మూసేశాడు. ఫోటో ముసుగు వేసుకుని కూర్చున్న దొంగ ఫైలును వెతికి, ఒక కాపీ పక్కన పెట్టుకుని, తీసేశాడు. అది తనలాంటివే మరో రెండింటిని వేరే పేర్లతో దాచింది. వాటినీ పట్టాడు. ఆఫీసులో అందరి పాస్‌వర్డ్‌లూ మార్చాడు. ఇక పాత ఫైళ్ల మీద కొత్త వెర్షన్ వేశాడు. పద్నాలుగు నెలలు వాయిదా వేసిన పని పదకొండు నిమిషాల్లో అయిపోయింది.

ఇంతే. ఇంత చిన్న పని.

తెర మళ్లీ తెరుచుకుంది. పైన తెల్లగా ఖాళీ.

"గా దీపం ఏది?" అన్నాడు వెంకటనర్సయ్య. "మేడం రోజూ దండం పెడ్తుండె గదా."

"పోయింది."

"పోతే ఏమన్న గాదా?"

జగదీశ్ మౌస్ మీంచి చెయ్యి తీశాడు. తండ్రి వైపు తిరగకుండా అడిగాడు.

"నాయినా, బండిల ఆయిల్ లైటు ఎర్రగ వెలిగితే ఏం చేస్తవ్?"

"ఆపుత. అడుగు ముందుకెయ్య."

"ఎవలన్న చూసి, గా లైటు బాగలేదు, తీసెయ్యి అంటే?"

వెంకటనర్సయ్య చిన్నగా నవ్వాడు. వారం రోజుల్లో మొదటిసారి. "ఉండె ఒకడు గసుంటోడు. పంజగుట్టల ఒక సేటు దగ్గర చేస్తుండె. సేటు ఊకె అడుగుతుండని లైటు మీద నల్ల టేపు అతికిచ్చిండు. నెల తిరగకముందే ఇంజన్ బిగుసుకపోయింది. డ్రైవరేనా వాడు? నేనైతే వాణ్ని మళ్ల బండి ముట్టనియ్య."

జగదీశ్ కీబోర్డు దగ్గరికి లాక్కున్నాడు.

త్రినాథరావు ఇచ్చిన కాగితం పక్కన పెట్టుకుని, దాన్ని చూడకుండా టైప్ చేశాడు. తెలుగు టైపింగ్ అతనికి నెమ్మది. ఒక్కో అక్షరానికీ వెతుక్కోవాలి. మూడు వాక్యాలకు పావుగంట పట్టింది. అక్షరాలు పెద్దవి చేశాడు.

"నాయినా, ఇది నువ్వు చదువు."

"నాకేడొస్తది? నువ్వే చెప్పు."

"పోస్టర్లు చదువుతవ్ గదా. గంత పెద్దగనే ఉన్నయి. చదువు."

వెంకటనర్సయ్య కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. వేలు తెర మీద పెట్టి, కిందికి దించుతూ, కూడబలుక్కుంటూ చదివాడు.

"ఈ... వెబ్... సైట్... లో... భద్రతా లోపం... వల్ల... నాలుగు వందల పన్నెండు మంది... వివరాలు... బయటకు పోయాయి." ఆగాడు. మళ్లీ వేలు కదిపాడు. "లోపం ఉందన్న... హెచ్చరికను... దాచినది... సైట్ చేసిన... కె. జ... గ... దీ..."

వేలు అక్కడే ఆగిపోయింది.

ఆయన నోటి నుంచి వచ్చిన మాట జగదీశ్ ఊహించింది కాదు.

"అంటే... గా కాయితం గాదా?"

"కాదు నాయినా. నీ కాయితంల పద్దెనిమిది మందే. పోయింది నాలుగు వందల పన్నెండు. నీ కాయితం ఎవ్వలు చూడలే. కారు కడిగినోడు తీసి పక్కకు పెట్టిండేమో, గంతే."

"నేను గాదు."

"నువ్వు గాదు."

వెంకటనర్సయ్య వెనక్కి వాలి ఊపిరి వదిలాడు. చేతులు రెండూ మొహానికి పెట్టుకుని ఒకసారి రుద్దుకున్నాడు. వారం రోజులుగా ఆయన మోస్తున్నది దిగుతుంటే కొడుకు చూశాడు. అది అంత బరువని, అది దిగిపోవడం అంత స్పష్టంగా కనబడుతుందని అతనికి తెలియదు.

తర్వాత చేతులు తీసి, టేబుల్ మీది కాగితం అందుకున్నాడు. త్రినాథరావు రాసింది. దాన్నీ వేలు పెట్టి చదివాడు. కొడుకు పేరు దగ్గర ఆగినట్టు తన పేరు దగ్గర ఆగలేదు, చివరిదాకా వెళ్లాడు.

కాగితం బోర్లా పెట్టాడు. లేచి, ఇరవై రెండేళ్లలో ఆ ఆఫీసులో ఎన్నడూ చేయని పని చేశాడు. తలుపు మూసి లోపలి నుంచి గడియ పెట్టాడు.

"ఎన్నడు ఎర్కయింది నీకు?"

"లైటు సంగతా?"

"లైటు సంగతి గాదు. నేను గాదన్న సంగతి."

జగదీశ్ నేల చూశాడు. "నిన్న సాయంత్రం."

"పొద్దుగాల బాలమణి ఫోన్ విసిరికొట్టినప్పుడు?"

"...ఎర్కనే."

"మీ అమ్మ నన్ను తిట్టినప్పుడు?"

"ఎర్కనే నాయినా."

"ఆటోల." వెంకటనర్సయ్య గొంతు పెంచలేదు. ఆయన ఎన్నడూ పెంచడు. "ఆటోల నేను మడత అడ్డం అని, నిలువని, పిచ్చోని లెక్క చెప్పుకుంటున్నప్పుడు. నీ మోకాలు నా మోకాలుకు తగులుకుంటనే ఉండె. అప్పుడు?"

జగదీశ్ తల ఊపాడు, ఔనని.

బయట అడుగుల చప్పుడు. తలుపు మీద రెండు దెబ్బలు.

"జగదీశ్!" త్రినాథరావు గొంతు. "అయిందా? పెట్టేశావా?"

తెర మీద, అతను రాసిన మూడు వాక్యాల కింద ఇంకో పెట్టె తెరుచుకుని ఉంది. 'ప్రచురించు' అన్న నీలం బటన్. బాణం గుర్తు దాని మీదే ఉంది. జగదీశ్ చెయ్యి మౌస్ మీదికి వెళ్లింది. వేలు ఆనించాడు. నొక్కలేదు. తండ్రి వైపు చూశాడు, చిన్నప్పుడు పరీక్ష కాగితం చేతిలో పట్టుకుని చూసినట్టు.

"నా మొఖం చూడకు," అన్నాడు వెంకటనర్సయ్య. "నొక్కు అని చెప్ప. నొక్కకు అని చెప్ప. రష్మి పేరడిగింది, నువ్వు ఇన్నవు. గంతే."

"ఏవయ్యా, తలుపేశారేంటి? నర్సయ్యా! నువ్వేనా లోపల?"

వెంకటనర్సయ్య జవాబివ్వలేదు. ఇరవై రెండేళ్లలో ఆ గొంతు పిలిస్తే పలక్కపోవడం అదే మొదలు. తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాడు.

మళ్లీ దెబ్బ పడింది. ఈసారి గట్టిగా. ఆ దెబ్బకు ఆయన భుజాలు కదిలాయి. చూపు మాత్రం కొడుకు వేలి మీది నుంచి కదల్లేదు.